పిడికెడు బియ్యము

మా మేనత్త తన జీవితకాలమున నొక పుస్తకమైనను వ్రాసినది కాదు. ఒక సభలోనైనను మాటలాడినది కాదు. మల్లాపూరులో తన వీధి దాటినచో నామె పేరెరిగినవారు బహుస్వల్పము. అయినను 2023వ సంవత్సరమున నామె సాంవత్సరికమునాడు మాకు ముఖపరిచయమైనను లేనివారు పదునొకండుగురు వచ్చి మా గుమ్మము ముందు నిలిచిరి. అందొకడు లారీ నడుపువాడు. ఒకతె కూరగాయల బండి తోయునది. ఒకాయన యుద్యోగమునుండి విరమించిన తపాలా బంట్రోతు. "మీరెవర"ని యడుగగా నందరు నించుమించుగా నొక్కటే మాట చెప్పిరి: "ఆ తల్లి చేతి యన్నము తిన్నవారము." అంతకుమించి మేమేమియు నడుగలేదు. విస్తళ్లు వేయించితిమి.

మహారాజుల చరిత్రములును, మహాకవుల చరిత్రములును వ్రాయువారు పెక్కండ్రు కలరు. వంటయింటి గడపయే రాజ్యముగా బ్రతికిన తల్లుల చరిత్రను మనము వ్రాసికొనకున్న మరియెవ్వరు వ్రాయుదురు? అందువలన నామెను గూర్చి నాకు తెలిసినంత, గుణములను మాత్రమే కాక, ఆ గుణములకామె చెల్లించిన మూల్యమును గూడ నిచట వ్రాయుచున్నాను.

ఆమె 1948లో, హైదరాబాదు సంస్థానము భారతదేశమున గలసిన యేట, జన్మించినది. పుట్టిన తిథి యెవరును వ్రాసియుంచలేదు. "పోలీసుచర్య నాటికి నేను పొత్తిళ్లలో ఉన్న" నని మాత్రము చెప్పుకొనెడిది. పదునేనవ యేట మల్లాపూరునకు కోడలై వచ్చినది. నాటి మల్లాపూరు నేటి మల్లాపూరు కాదు. ఉప్పలునకును మౌలాలికిని నడుమ జొన్నచేలు, సీతాఫలపు పొదలు, రాతిగుట్టలు, నడుమ నడుమ చెరువులు. తరువాత నాచారములోను మల్లాపూరులోను పారిశ్రామిక వాడలు వెలసినవి. పాలమూరు నుండియు, శ్రీకాకుళము నుండియు, ఆ వెనుక బీహారు, ఒడిస్సా, జార్ఖండు దేశముల నుండియు బ్రతుకుతెరువు వెదకికొనుచు జనులు వచ్చిరి. 2007లో ఉప్పల కలాను పురపాలకసంఘముతో పాటు మా యూరును మహానగరమున గలసినది. పల్లె పట్టణమైనది, మా మేనత్త గడప మాత్రము పల్లెగడపగనే నిలిచినది.

తెల్లవారుజామున లేచి, వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టి, తులసికి నీరుపోసి, యాదగిరిగుట్ట నరసింహస్వామి పటము ముందు దీపము వెలిగించి, పిమ్మట బియ్యము కొలుచుట ఆమె దినచర్య. ఇంటివారికి సరిపడ శేరుతో గొలిచిన వెనుక, మరల గంపలో చేయి పెట్టి పిడికెడు బియ్యము తీసి యా గిన్నెలోనే వేయుచు, "ఇది వచ్చేటోనికి" అనెడిది. వచ్చువాడెవడో యామెకు తెలియదు. ఒక్కొక్కనాడు ఎవ్వరును రారు. నాడు మిగిలిన యన్నమున నీరుపోసి మరునాటి యుదయము చద్దిగా తాను త్రాగెడిది. ఎవరో యొకరు వచ్చిన దినములే యెక్కువ.

పిడికెడు బియ్యము 40, 50 గ్రాములకు మించదు. దినమున కంత చొప్పున సంవత్సరమునకు లెక్కింపగా 15 మొదలు 18 కిలోల వరకగును. సుమారు అరువది యేండ్లు ఆమె పిడికిలి యా పని మానలేదు. దానము చేయుటకు ధనము కావలెనని మనమనుకొందుము. ఆమె చేతిలో ధనమెన్నడును లేదు. బియ్యపు గంప మాత్రముండెడిది. తన యధికారమెంతవరకు గలదో యంతవరకే యామె దానము చేసినది.

మాఘమాసమున మహాశివరాత్రికి కీసరగుట్టకు నడచిపోవు భక్తులకును, రజబు నెల 17వ దినమున మౌలాలి గుట్టకు పోవు ముసల్మానులకును ఆమె వాకిట నొక్కటే రంజను నీళ్లు. ఎండకాలమైనచో చల్ల గూడ నుండెడిది. బంధువులలో నొకరు "వారికి మనమేల?" యని యడుగగా నామె, "మన నరసింహుడు గుట్టమీదనే, వాళ్ల అలీ గుట్టమీదనే. గుట్ట ఎక్కేటోనికి దూప ఒక్కటే గదా" యనెను. ఆ బంధువు మరల నా ప్రశ్న వేయలేదు.

ఆమెయు పుట్టుకతోడనే యిట్టి సమదృష్టి గలది యని నేను చెప్పజాలను. అత్తగారున్నంత కాలము బయటివారికి అరుగుమీదనే మోదుగాకు విస్తరి. అందును కొందరికి అరుగు క్రిందనే. ఇది తప్పని యామె యెరుగును. పైకి చెప్పుటకు ధైర్యము లేకుండెను. "ఆ దినములు తలచుకొన్న అన్నము గొంతు దిగదు" అని వృద్ధాప్యమున నాతో ననినది. అత్తగారి యనంతరము మెల్లమెల్లగ విస్తరి అరుగుమీదనుండి సావడిలోనికి వచ్చినది. సావడినుండి వంటయింటి ముంగిటికి వచ్చినది. ఆ పదునైదడుగుల దూరము నడచుటకు ఆమెకు పది సంవత్సరములు పట్టినది.

నాకు ఏడవ యేడు నిండకమునుపే నా తల్లి గతించుటచే నేనా యింటనే పెరిగితిని. మామయ్యగారు నన్ను బడికి పంపక యింటనే కూర్చుండబెట్టి, అమరము మొదలుకొని భారత భాగవతముల వరకు చదివించిరి. మా మేనత్తకు అక్షరములు రావు. మధ్యాహ్నవేళ నామె బియ్యమున రాళ్లేరుచు గూర్చుండగా నేను చదువవలెను. మామయ్యగారు అర్థము చెప్పవలెను.

ఒకనాడు ఆముక్తమాల్యద చదువుచుంటిమి. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులను పూజించు ఘట్టము. జడివాన పట్టిన దినములలో గూడ నాతని యింట భోజనము తప్పదు. ఆయన భార్య కన్నులకు పొగ సోకకుండునట్లు కొబ్బరి డొప్పలతో పొయ్యి రాజవేసి వండుచుండును. పప్పు, కూరలు, వడియములు, వరుగులు, నేయి, పెరుగు అన్నియు విస్తట నుండును. మామయ్యగారర్థము చెప్పగనే మా మేనత్త చేట క్రిందనుంచి, "రాజై యుండి కూడా ఆడదాని కండ్లల్ల పొగను చూసిండు!" అని యాశ్చర్యపడినది. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన చక్రవర్తి, యుద్ధములలో గెలిచినవాడు. పండితులాతనిని వేయివిధముల బొగడిరి. మా మేనత్త పొగడిన విధము వేరు. అప్పటి కామె కట్టెలపొయ్యి ముందు గూర్చుండుట ముప్పదియేండ్లు దాటినది. కన్నులెప్పుడును ఎఱ్ఱగనే యుండెడివి. ఆ మాట విన్న మామయ్యగారు మారుపలుకక పుస్తకము మూసిరి. ఆ సంవత్సరమే యింటికి గ్యాసుపొయ్యి వచ్చినది.

మరియొకనాడు భాగవతమున నవమస్కంధములోని రంతిదేవుని కథ. ఆ రాజు కుటుంబముతో గూడ నలువదియెనిమిది దినములు నిరాహారుడై యుండి, తుదకు లభించిన యన్నమును వచ్చిన యతిథులకు వరుసగ బెట్టి, మిగిలిన నీటిని గూడ దప్పిగొన్నవానికిచ్చిన వృత్తాంతము. మేమందరమును కన్నీరు దుడుచుకొనుచుండగా, అప్పుడు పదునాలుగేండ్ల ప్రాయముననున్న మా వదిన, అనగా మా మేనత్త కుమార్తె, "రాజు సరే, ఆయన పిల్లలు తిన్నారా? వాళ్లను ఎవరైనా అడిగిరా?" అనెను. మామయ్యగారు కోపగించిరి. మా మేనత్త మాత్రము కోపగింపలేదు. ఏమియు జెప్పను లేదు. ఆమె చేతిలోని బియ్యపుగింజ యటులే చేతిలో నుండిపోయినది. ఆ ప్రశ్న మా యింట పెక్కుసంవత్సరములు జవాబు లేక తిరుగుచుండెను.

ఆమెకు మిక్కిలి ప్రియమైన కథ పురాణములలోనిది కాదు. అది డొక్కా సీతమ్మగారి చరిత్ర. నేనెన్నిమారులు చదివి వినిపించితినో లెక్కలేదు. పాఠకురాండ్రలో నెరుగనివారికై సంగ్రహముగ జెప్పెదను.

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున తూర్పుగోదావరి సీమలోని మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే ఆయనను జనులు "బువ్వన్న" యని పిలిచిరట. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారొకమారు ప్రయాణములో మధ్యాహ్నవేళ వారి యింట నాగి, ఆ బాలిక యాదరించిన విధమును జూచి మెచ్చి, పిమ్మట నామెను వివాహమాడిరని చెప్పుదురు. కోనసీమ గోదావరి పాయల నడుమనున్న లంకల నేల. నేటివలె వంతెనలు లేని యా దినములలో పడవలకై వేచియుండు బాటసారులకు వేళకు కూడు దొరకుట దుర్లభము. లంకల గన్నవరము వైనతేయ గోదావరి యొడ్డున దారిలో నుండుటచే ఆ దంపతుల యిల్లు బాటసారుల కాశ్రయమైనది. వేళ యనక, కులమనక, వరదలు వచ్చిన దినములని మానక, ఆమె 1909 ఏప్రిల్ 28వ తేదిన కన్నుమూయువరకు ఆ యింటి పొయ్యి చల్లారలేదు.

ఆమె కీర్తి సముద్రములు దాటి, ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి తన యుత్సవమునకు రమ్మని పిలిపింపగా, "నేను వచ్చిన ఇచట వచ్చువారికి అన్నము పెట్టువారెవర"ని యామె నిరాకరించెననియు, అధికారులు ఆమె ఛాయాపటమునైన పంపవలెనని బ్రతిమాలి తీయించి పంపిరనియు చెప్పుదురు. మా మేనత్త ఈ భాగమును అంతగా లక్ష్యపెట్టెడిది కాదు. ఆమె మరల మరల చదివించుకొన్నది అంతర్వేది ప్రయాణపు కథ.

సీతమ్మగారికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని చిరకాలపు కోరిక. వండుచు వడ్డించుచు నుండుటచే తీరలేదు. ఎట్టకేలకు పల్లకిలో బయలుదేరి, దారిలో బోయీలు విశ్రమించియుండగా, ఎదురుగ వచ్చుచున్న యొక బృందము మాటలు చెవినిబడినవి. పసిపిల్లలు ఆకలియని యేడ్చుచుండగా పెద్దలు, "కొంచె మోర్చుకొనుడు, గన్నవరము చేరిన సీతమ్మగారింట తినవచ్చున"ని యూరడించుచుండిరట. ఆ మాట విని యామె పల్లకిని వెనుకకు మరలింపించి, వారికంటె ముందుగ నిల్లు చేరి వంట ప్రారంభించెనట. ఇది గన్నవరపు జనుల నోట నేటికిని నిలిచియున్న కథ.

అంతర్వేదిస్వామియు నరసింహుడే, మా మేనత్త కొలిచిన యాదగిరిస్వామియు నరసింహుడే. కాబట్టి ఆమె యీ కథను తన యింటి కథగనే భావించెడిది. "దర్శనము కాలేదని అందరంటరు. వెనుకకు తిరిగిందే దర్శనము బిడ్డా" యని నాతో ననినది. గోదావరి కావలి యొడ్డున నూరేండ్ల క్రితము గతించిన యొక బ్రాహ్మణ గృహిణికిని, మల్లాపూరులోని యీ నిరక్షరురాలికిని బంధుత్వమేమియు లేదు. అయినను సీతమ్మగారి సంగతి వచ్చినప్పుడెల్ల "మా సీతమ్మ" యనెడిది, తన తోడబుట్టినదానివలె.

2000వ సంవత్సరమున గన్నవరమున వైనతేయముపై గట్టిన క్రొత్త యక్విడక్టునకు సీతమ్మగారి పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరుంచినది. ఈ రెండవ వార్త వినుటకు మా మేనత్త లేదు. విన్నచో బడిపిల్లల కేమి వండుచున్నారని ముందుగ నడిగియుండును.

ఇక నేను వ్రాయదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను.

2008వ సంవత్సరము శ్రావణమాసమున నొక శుక్రవారమునాడు మా మేనత్త వంటయింటిలో స్పృహ దప్పి పడిపోయినది. వైద్యునికడకు గొనిపోగా రక్తము పరీక్షించి, హిమోగ్లోబిను 7 గ్రాములే యున్నదని చెప్పిరి. స్త్రీలకు 12 గ్రాములకు తక్కువయైనచో రక్తహీనతగ నెంతురు. వైద్యుడు మామయ్యగారిని జూచి, "ఇంట తిండికి లోటున్నదా?" యని యడిగెను. దినమునకు పదిమందికి విస్తళ్లు వేయు నింటి యజమాని యా ప్రశ్నకు తలవంచుకొనెను.

లోటు లేదు, క్రమము తప్పియున్నది. మొదట అతిథులు, పిమ్మట పురుషులు, పిమ్మట పిల్లలు, పిమ్మట కోడండ్రు, అందరి వెనుక నామె. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటియుండును, కూర యుండదు. పచ్చడిమెతుకులో, గంజియో, నిన్నటి చద్దియో. వారమునకు రెండు ఉపవాసములు దీనికి తోడు. మేమందరమును అది యామె పుణ్యమనియు, మహాపతివ్రతా లక్షణమనియు బొగడుచుంటిమి. పొగడుట సులభము, ఒక కంచము వడ్డించుట కష్టమైనది.

ఆ రాత్రి మా వదిన తండ్రియెదుట నిలిచి, పూర్వము తాను రంతిదేవుని గూర్చి యడిగిన ప్రశ్నను మరల నడిగెను: "ఊరివారికందరికి అమ్మ పెట్టినది. అమ్మ తిన్నదా యని ఈ యింట ఎవరైనా ఒక్కనాడు అడిగితిరా?" నేనును అచ్చటనే యుంటిని. ఆమె చేతి యన్నముతో పెరిగిన నేనును అడిగినదానను కాను. అతిథిని దేవునిగా జూడుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన సంగతి నాకు కంఠస్థము. అదే యనువాకమున అతిథికంటె ముందుగ తల్లి పేరున్నదని నాకానాడు గాని తట్టలేదు.

ఇది మా యింటి కథ మాత్రమే యని తలపవలదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57.6 మంది రక్తహీనలు. దేశమంతటికి లెక్కింపగా నూటికి 57 మంది. అనగా మనలో సగముమందికి పైగా రక్తము చాలదన్నమాట. దీనికి కారణములు పెక్కులు. కాని వండినయామె చివర తినవలెనను నాచారము వానిలో నొకటి యని నేను నిశ్చయముగ నమ్ముచున్నాను. ఎందుకనగా ఇనుము గల పప్పు, ఆకుకూర, మాంసము తిను కుటుంబములలో మాంసము, ఇవియే మొదట నయిపోవునవి. చివరకు మిగులునది అన్నమును పులుసును మాత్రమే.

మరునాటినుండి మా యింట జరిగిన మార్పు చిన్నది. మామయ్యగారు భోజనమునకు గూర్చుండి, విస్తరిలో నన్నము వడ్డించినను చేయి పెట్టలేదు. "నీవును కూర్చుండుము" అనిరి. ఆమె సిగ్గుపడి, "వచ్చినవాళ్లు చూస్తే ఏమనుకుంటరు?" అనెను. "చూడనిమ్ము" అని యాయన చేయి ముడుచుకొని గూర్చుండిరి. అన్నము చల్లారినది. అరగడియకు ఆమె యొక కంచము తెచ్చుకొని గోడవారగ గూర్చున్నది. డెబ్బదేండ్లకు సమీపించుచున్న యా పెద్దమనిషి తన జీవితమున మొదటిసారి గరిటె చేతబట్టి భార్య కంచములో పప్పు వేసిరి. పప్పు సగము క్రింద పడినది. ఎవ్వరును నవ్వలేదు.

ఆ తరువాత అతిథులు తగ్గలేదు. ఆమె పిడికెడు బియ్యము మానలేదు. వదిన మాత్రము తానొక పిడికెడు చేర్చెడిది. "అది వచ్చేవానికి, ఇది వండేదానికి" అనెడిది. ఆకుకూర, బెల్లము, వైద్యుడిచ్చిన మాత్రలు, ఇవి క్రమముగ నడచుటచే సంవత్సరము తిరుగకమునుపే ఆమె ముఖమున కళ వచ్చినది. రంతిదేవుని పిల్లల ప్రశ్నకు మా యింట దొరికిన జవాబిది.

మామయ్యగారు 2016లో గతించిరి. 2020 మార్చి 25వ తేదినుండి కరోనా నిమిత్తము దేశమంతట లాక్‌డౌను విధింపబడినది. కర్మాగారములు మూతపడినవి, పూటకూళ్ల యిండ్లు మూతపడినవి. పరదేశములనుండి వచ్చిన శ్రామికులకు మనిషికి 12 కిలోల బియ్యమును, 500 రూపాయలును ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము నిర్ణయించినది. కాని మా ప్రాంతమున నొక్కొక్క గదిలో అరుగురెనమండుగురు పిల్లవాండ్రు; పొయ్యి యుండి బియ్యము లేనివారు కొందరు, బియ్యముండి పొయ్యి లేనివారు కొందరు.

ఆ దినములలో నేను చేసిన పనిని దాచను. మా యింట చిన్నపిల్లలు, ఎల్లెడల మరణవార్తలు. మేనత్తకు డెబ్బదిరెండేండ్లు. భయముచే నేను స్వయముగ వెళ్లి యామె యింటి తలుపు గడియ వేసి, "అత్తమ్మా, ఈ నెలదినములు ఎవ్వరిని రానియ్యకు" అని చెప్పితిని. ఆమె వాదింపలేదు. మరునాడు పోయి చూడగా తలుపు వేసియే యున్నది; వీధివైపు కిటికీ తెరచియున్నది; కిటికీలో నాలుగు అన్నపు పొట్లములున్నవి. "తలుపు వేయుమంటివి, వేసిన. కిటికీ మాట చెప్పలేదు గదా బిడ్డా" యని నవ్వినది.

మా వదిన నాకంటె తెలివిగలది. తల్లిని మాన్పింపజూడక నియమములు పెట్టినది. అమ్మ గడప దాటరాదు. ముక్కునకు వస్త్రము కట్టుకొనవలె. పొట్లములను పిల్లలు అరుగుమీద దూరదూరముగ నుంచి రావలె. అన్నిటికంటె ముందుగ అమ్మ తినవలె. నాలుగు పొట్లములు నలువదియైనవి. ఒకరింటినుండి పప్పు, ఒకరింటినుండి నూనె, ఒకరింటినుండి కూరగాయలు వచ్చినవి. ఏప్రిల్ 25న రంజాను నెల ప్రారంభము కాగా మౌలాలివైపు దుకాణదారుడొకడు తన జకాతు క్రింద బియ్యపు బస్తా పంపి, పేరు చెప్పవలదనెను. నేనును మూడవనాటినుండి సిగ్గు విడిచి రొట్టెలు చేయుటకు పోయితిని. ఒక్కతె మోసిన బరువును పదిండ్లవారు పంచుకొన్నప్పుడు అది యెంత తేలికయో నాకప్పుడు తెలిసినది.

మే 1వ తేదిన లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు దేశమున మొట్టమొదటి శ్రామిక రైలు సుమారు 1,200 మందితో బయలుదేరినది. ఆ వెనుక వెడలిన రైళ్లలో మా కిటికీయొద్దకు వచ్చుచుండిన పిల్లవాండ్రును క్రమముగ వెళ్లిపోయిరి. మేనత్త వారికి దారిబత్తెముగ అటుకులు, బెల్లము మూటగట్టి పంపినది. వారి భాష యామెకు రాదు. ఆమె భాష వారికి రాదు. ప్రతి పొట్లముతో నామె యడిగిన మాట యొక్కటే: "తిన్నవా బిడ్డా?"

ఆమె 2022వ సంవత్సరము మార్గశిరమాసమున, దీపము వెలిగించి బియ్యము కొలిచిన వెనుక, కొంచెము ఆయాసముగ నున్నదని పండుకొని మరల లేవలేదు. నాటి గిన్నెలో వచ్చేవాని పిడికెడు వేసియే యున్నది.

సాంవత్సరికమునాడు వచ్చిన పదునొకండుగురిలో నొకడు జార్ఖండునుండి మరల పనికి వచ్చిన యువకుడు. చేత అరటిపండ్లు. మేనత్త పటము ముందు నిలిచి నమస్కరించి, వెనుకకు దిరిగి, వచ్చినవారందరికి వడ్డించి వడ్డించి యలసి స్తంభమునకు జేరగిలి నిలిచియున్న మా వదినను జూచెను. అతనికి తెలుగు రాదు. తెలిసిన మాట యొక్కటే. దానినే యడిగెను: "తిన్నవా?"

మా వదిన గరిటె క్రింద పెట్టి, కొంగు ముఖమునకు జేర్చుకొని, చాలసేపు నిలిచినది. పిమ్మట మేమందరము విస్తళ్లు జరిపి ఆమెకు చోటు చేసితిమి. అతడే లేచి యామెకు అన్నము వడ్డించెను.

సోదరీమణులారా! మన తల్లులు మనకిచ్చిన యాస్తిలో ఆతిథ్యము గొప్పది. దానిని పోగొట్టుకొనరాదు. నేడును మన బియ్యపు డబ్బాలో నొక పిడికెడు వచ్చేవానికి మిగులును. కాని యా పుణ్యము వండిన తల్లి రక్తముతో గొనరాదు. ఇంట వండినయామె యెవరైనను, అత్త కానిండు, కోడలు కానిండు, కూలికి వచ్చిన వంటమనిషి కానిండు, ఆమె విస్తరి చివరిది కాకుండ జూచుట మన చేతిలోని పని. నేటి రాత్రి భోజనమునకు గూర్చుండునప్పుడు ఎదుటివారిని, గరిటె చేతబట్టినవారిని, మా మేనత్త యడిగిన మాట యడుగుడు. అడిగి యూరకుండక, ప్రక్కకు జరిగి చోటు చేయుడు.